బుఅజ్జా మాస్టారి టీ మరగదు

మా బుఅజ్జా మాస్టారికి ఒకటే జబ్బు. కొండ మీద ఏం జరిగినా ముందు టీ పెట్టేవారు. వానొస్తే టీ, దారి తప్పితే టీ, ఎవరి కాలైనా బెణికితే కట్టు కన్నా ముందు టీ. కొండ విరిగి మీద పడుతోందన్నా "అలాగా, ఆ కూజా ఇలా అందుకో" అంటారని పిల్లలు చెప్పుకునేవారు. ఆయనకు వాళ్ళు పెట్టిన పేరు కూజా మాస్టారు.

మొరాకోలోని మెక్నెస్‌లో మా బళ్ళో ఆయన లెక్కలు చెప్పేవారు, నేను పీటీ టీచర్ని. ఏటా వేసవి సెలవుల్లో పెద్ద తరగతుల పిల్లల్ని అట్లాస్ కొండల్లో వారం పాటు నడిపించుకొచ్చే పని మా ఇద్దరిదీ. నాకు విజిలుంది, గడియారముంది. ఆయనకు కూజా ఉంది. మా ఇద్దరికీ జత ఎలా కుదిర్చారో ఆ హెడ్మాస్టరుకే తెలియాలి.

పోనీ, టీ త్వరగా పెడతారా అంటే అదీ లేదు. మొదటి గ్లాసు వంచి, మళ్ళీ కూజాలోకే పోసి కలపడం మా ఇళ్ళల్లో ఆనవాయితీ. ఎవరైనా ఒకటి రెండుసార్లు పోస్తారు. ఈయన పోస్తూనే ఉంటారు. గ్లాసు కళ్ళెదురుగా ఎత్తిపట్టి, పరీక్షగా చూసి, పెదవి విరిచి, "ఇంకా రంగు రాలేదు" అని మళ్ళీ కూజాలోకి. మధ్యలో లేచిపోదామా అంటే, టీ పెట్టినవాణ్ణి అవమానించి లేచే అలవాటు మాలో ఎవరికీ లేదు.

పైగా కూర్చునే చోటొకటి. పక్కనే అక్రోటు చెట్టు కింద చల్లగా ఉన్నా, గాలి ఈడ్చి కొట్టే గట్టు అంచున స్టవ్ పెట్టేవారు.

"మాస్టారూ, అక్కడ మంట నిలవదు. నీడలోకి రండి."

"నీడలో పెట్టిన టీ చప్పగా ఉంటుంది, రబియా మేడం."

ఒక ఏడు, మా సామాన్లు మోయడానికి హమ్మూ తోలుకొచ్చే కంచరగాడిద వాగులో కాలు జారింది. పిల్లల దుప్పట్ల మూటలన్నీ నీళ్ళలో పడ్డాయి. నేను విజిలూదుకుంటూ పరిగెత్తాను.

"మాస్టారూ, దుప్పట్లు కొట్టుకుపోతున్నాయి."

"చూశాను మేడం. చక్కెర ఎక్కడ పెట్టారు?"

ఇలియాస్ అని, ఇంట్లో తాగిన గ్లాసు కూడా తీయని మహానుభావుడు ఒకడుండేవాడు. వాడు మాస్టారి వంక చూశాడు, నా వంక చూశాడు, ఈ పెద్దవాళ్ళతో లాభం లేదనుకుని వాగులో దూకాడు. వాడి వెనక మిగతావాళ్ళు. వరసగా నిలబడి మూటలు అందించుకున్నారు, పిండారు, బండల మీద ఆరేశారు. అప్పుడు మాస్టారు తలెత్తి, "రండి, రంగొచ్చింది" అన్నారు. ఊరికొచ్చాక ఇలియాస్ వాళ్ళమ్మ నాకు ఫోను చేసింది. "మేడం, మావాడు వాడి కంచం వాడే కడుక్కుంటున్నాడు. కొండ మీద తలకేమైనా దెబ్బ తగిలిందా?"

ఆ మరుసటేడు హిబా వచ్చింది. కారు ప్రమాదంలో ఆ పిల్ల కాలు విరిగింది. ఎముక అతుక్కుంది, నడవచ్చని డాక్టరే చెప్పాడు, కానీ నడక నిదానం. వాళ్ళమ్మ ఏడ్చి మొత్తుకున్నా వినకుండా, ఒక షరతుకు ఒప్పుకుని బయల్దేరింది. పెద్ద కనుమ ఎక్కలేకపోతే హమ్మూ గాడిద మీద కిందికి దింపేస్తాడు, ఊళ్ళో కాచుకునున్న నాన్న కారులో ఇంటికి తీసుకెళ్ళిపోతాడు.

బస్సు దగ్గరే మా ఇద్దరికీ చెప్పేసింది. "నా కోసం ఎవరూ ఆగకూడదు. ఆగారని తెలిస్తే ఆ గాడిద నేనే ఎక్కేస్తా. నా వల్ల ఆలస్యమైందన్న మాట ఇంట్లో పడ్డది చాలు."

"మేమెందుకు ఆగుతామమ్మా, మాకేం పనుల్లేవా?" అన్నారు మాస్టారు. అలా కటువుగా అనాలా అని నాకు ఒళ్ళు మండింది.

కనుమ ఎక్కే రోజు మేమంతా పైకి చేరేసరికి పడమట మబ్బు కమ్ముతోంది. ఆ కొండల్లో మధ్యాహ్నం ఉరిమిందంటే వడగళ్ళే. హిబా జాడ లేదు. మాస్టారు మాత్రం గాలంతా తన సొంతమన్నట్టు అంచున కూర్చుని కూజా ముందేసుకున్నారు.

"మాస్టారూ, పిల్లల్ని దింపాలి. హమ్మూని పంపి ఆ పిల్లని ఎక్కించేద్దాం."

"టీ అయ్యాక."

"ఎప్పటికవుతుంది?"

గ్లాసు పైకెత్తి చూశారు. "రంగు రాలేదు."

నాకు కోపం నషాళానికంటింది. కూజా లాగేసుకుందామని ఆయన పక్కనే వంగాను. అక్కణ్ణుంచి ఎక్కొచ్చిన దారంతా మలుపు మలుపునా కనిపిస్తోంది. కింది మలుపులో హిబా పసుపుపచ్చ టోపీ, కర్ర ఊతంతో పైకి వస్తోంది. ఆయన గ్లాసెత్తి చూస్తున్నది టీని కాదు. కూజా మూత తీశాను. లోపల వట్టి వేణ్ణీళ్ళు.

"టీ ఆకు, పుదీనా నిన్ననే అయిపోయాయి," అన్నారు గొంతు తగ్గించి. "ఆగొద్దంది కదా. మనం ఆగలేదు. టీ తాగుతున్నాం. మబ్బు ఇంకా అవతలి కొండ మీదే ఉంది, నేనూ చూస్తున్నా. కూర్చోండి."

కూర్చున్నాను. ఇన్నేళ్ళుగా ఈయన్ని తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చి నవ్వొచ్చింది. పసుపుపచ్చ టోపీ చివరి మలుపు తిరిగేదాకా గడియారం వంక చూడలేదు.

హిబా వచ్చి, కర్ర నేలకు పోటెట్టి నిలబడింది. ముఖం ఎర్రబడింది, ఆయాసంతో మాట రావడం లేదు, అయినా కూజాను చూసి ఊరుకోలేదు.

"ఇంకా కాలేదా మాస్టారూ? మిమ్మల్ని నమ్ముకుంటే ఈ కనుమ దాటేసరికి నాకు పెళ్ళీడొస్తుంది."

పిల్లలు గొల్లుమన్నారు. "ఏం చెయ్యనమ్మా, గాలికి మంట నిలవలేదు," అని మాస్టారు చాలా ఎత్తునుంచి, నురగ రావాలన్నంత శ్రద్ధగా, ఆ వేణ్ణీళ్ళు ఆమె గ్లాసులో పోశారు.

హిబా ఒక గుక్క తాగింది. గ్లాసులోకి చూసింది. మాస్టారి వంక చూసింది. మళ్ళీ ఏమనుకుందో, మిగిలింది కూడా తాగేసింది.

"ఇవాళ పుదీనా బాగా పడింది," అంది. "నేను ముందు దిగుతున్నా. మీరు సర్దుకుని నిదానంగా రండి, మాస్టారూ. మీ కోసం నేనైతే ఆగను."

హమ్మూకి సైగ చేశాను, గాడిద అక్కర్లేదని. కూజా, స్టవ్ సర్దుకుని, ఖాళీ గ్లాసులు మూటగట్టుకుని మేం దిగడం మొదలుపెట్టాం. మాస్టారి మోకాళ్ళు దిగుడులో పట్టేస్తాయి, అందుకని అందరికన్నా వెనక ఆయనే. చినుకులు కూడా పడలేదింకా. కింద మొదటి మలుపు దగ్గర హిబా ఒక రాతి మీద కూర్చుని బూటు లేసు కట్టుకుంటోంది. మాస్టారు దగ్గరికి వచ్చేదాకా కట్టుకుంటూనే ఉంది.