తాడుకు అవతలి కొస

దెయ్యం అనే మాట వింటే నవ్వే రకం నేను. చోడవరంలో వెల్డింగ్ షాపు నాది. చిన్నప్పుడు మా అమ్మ దర్గాకు తీసుకెళ్లి కట్టించిన తాయెత్తును, నిప్పురవ్వలు పడుతున్నాయని పనిలో చేరిన మొదటి వారంలోనే తీసి మేకుకు తగిలించినవాణ్ణి. ఇప్పటికీ దెయ్యాలున్నాయని నేను చెప్పడం లేదు. జరిగింది చెబుతున్నాను, అంతే. దీన్ని నమ్మాల్సిన మనిషి ఒక్కడే ఉన్నాడు. వాడు నమ్మడు.

చీడికాడ దాటాక కొండల్లో ఒకసారి ఎవరో జారిపడితే, ఊళ్లోవాళ్లు నులకమంచానికి తాళ్లు కట్టి దించడానికి పొద్దుపోయింది. ఆ తర్వాత మిలిటరీ నుంచి రిటైరైన ఒకాయన మా ఆరుగురికి ఆదివారాలు తాళ్లపని నేర్పడం మొదలుపెట్టారు. ఆయన్ని మాష్టారూ అని పిలిచేవాళ్లం. కొండ మీద ఇరుక్కున్న మనిషిని తాడుతో ఎలా దించాలి, ఎలా పైకి లాగాలి, మనం ఎలా చావకుండా ఉండాలి, ఇదే చదువు.

ఆ ఆరుగురిలో అప్పలనాయుడు ఒకడు. బడిలో నా పక్క బెంచీ. రావికమతం వైపు పల్లె. సీజన్లో గోవాడ పంచదార ఫ్యాక్టరీకి వెళ్లే చెరుకు లారీలకు లోడు కట్టేవాడు. వాడు కట్టిన ముడి గతుకుల రోడ్డు మీద కూడా కదలదని పేరు. అయితే చెరుకు ముడికి ఒక గుణముంది. లోడు ఎంతున్నా ఆపుతుంది కానీ, దింపే చోట కొస పట్టుకుని ఒక్కసారి లాగితే ఊడిపోతుంది. ఊడిపోవాలనే అలా కడతారు. కొండ మీద మేం కట్టేది ఎనిమిది అంకెలా తిప్పి వేసే ముడి. అది ఊడమన్నా ఊడదు.

నాయుడి చేతికి పాత అలవాటు పోయేది కాదు. నడుం బెల్టుకు తాడు కట్టుకునేటప్పుడు చెయ్యి దానంతటదే చెరుకు ముడి వేసేసేది. మాష్టారు తిట్టేవారు. ఎవడి ముడి వాడు చూసుకోకూడదు, పక్కవాడు చేత్తో పట్టి చూడాలన్నది ఆయన పెట్టిన నియమం. నాయుడికి పక్కవాణ్ణి నేనే.

ఆ ఆదివారం మాష్టారు రాలేదు. మేమే చేద్దామనుకున్నాం. నాయుడు గంట ఆలస్యంగా వచ్చాడు. ఎండ నెత్తికెక్కింది, నాకు కోపం నెత్తికెక్కింది. "పెళ్లికొడుకు వచ్చేడండీ" అని ఎత్తిపొడిచాను. వాడు నవ్వుతూ తాడు కట్టుకున్నాడు. "సూడ్రా ముడి" అన్నాడు. "సూసేన్లే, దిగు" అన్నాను. చూడలేదు. కోపంతో అటు తిరిగి ఉన్నాను. ఈ ముక్క రాయడానికే నాకు ఇన్నాళ్లు పట్టింది.

అనుకున్నది ఇదీ. కొండ అంచు కింది నిలువు బండ మధ్యలో మనిషి కూర్చోగలిగేంత గట్టు ఉంది. నాయుడు దెబ్బ తగిలిన మనిషిలా అక్కడ కూర్చోవాలి. మిగతా నలుగురూ స్ట్రెచర్ పట్టుకుని కొండ చుట్టూ తిరిగి కిందకు చేరాలి. అందుకు గంటకు పైగా పడుతుంది. వాళ్లు చేరాక నేను పైనుంచి నాయుణ్ణి కిందకు దించాలి. బండ ఉబ్బుగా ఉండడంతో పైనుంచి గట్టు కనబడదు. కింద గెడ్డ నీళ్ల హోరుకి కేక వినబడదు. ఫోన్లు జేబులో పెట్టుకుని దిగకూడదు కాబట్టి వాడి ఫోన్ నా దగ్గరే ఉంది. మాకున్నది తాడు ఒక్కటే. రెండుసార్లు లాగితే బాగున్నానని, మూడుసార్లు లాగితే పైకి లాగమని. పది నిమిషాలకోసారి నేను రెండుసార్లు లాగాలి, వాడు రెండుసార్లు జవాబివ్వాలి, నేను టైము పుస్తకంలో రాసుకోవాలి.

దించాను. తాడు వదులైంది, అంటే గట్టు మీద నిలబడ్డాడు. వెంటనే రెండుసార్లు లాగాడు. రాసుకున్నాను.

పది నిమిషాలకు నేను లాగాను. అటునుంచి రెండు. మళ్లీ పదికి మళ్లీ రెండు. గాలికి ఊగే తాడుకీ మనిషి లాగే తాడుకీ తేడా నాకు తెలుసు. ఇది గట్టిగా, తెగ్గొట్టినట్టు వచ్చే లాగుడు. నాలుగోసారి విసుగు పుట్టి, వేళాకోళానికి నాలుగుసార్లు లాగాను. మా లెక్కలో నాలుగుకు అర్థం లేదు. ఒక్క క్షణం ఆగి, అటునుంచి నాలుగు వచ్చాయి. ఒక్కణ్ణే పైకి నవ్వుకున్నాను. వీడి వేషాలు మారవు అనుకున్నాను.

పుస్తకంలో ఏడు టైములున్నాయి. ఏడోది రాశాక నా ఫోన్ మోగింది. కిందకు చేరిన నలుగురిలో రమణ. ఏడుస్తున్నాడు.

"బాషా, నాయుడు కింద పడిపోయి ఉన్నాడ్రా. రాళ్ల మీద. కాలు సూడలేకపోతన్నాం. నువ్వు పైన ఏటి సేస్తన్నావురా?"

ఫోన్ చెవి దగ్గర ఉంది. అప్పుడు నా ఎడమచేతిలో తాడు రెండుసార్లు లాగింది.

కుడిచేతిలోంచి ఫోన్ జారిపోయింది. తాడు చరచరా పైకి లాగాను. బరువు లేదు. చివర ముడి లేదు. చెరుకు ముడి ఊడిపోతే తాడులో మిగిలే రెండు వంకర్లు మాత్రం ఉన్నాయి.

తర్వాత నాయుడు చెప్పింది ఇది. గట్టు మీద కాలు పెట్టి మొదటి రెండు లాగుళ్లూ లాగింది వాడే. కూర్చోబోతుంటే ముడి కొస తుప్పకు తగులుకుని ఊడిపోయింది. కాలు జారింది. అప్పటినుంచి కింద రాళ్ల మీద పడి అరిచాడు. తల పైకెత్తితే ఉత్త తాడు వేలాడుతూ కనబడిందట. ఎవరూ లేరట. అది కదిలిందో లేదో చూసే స్థితిలో లేనన్నాడు.

నా పక్కన రెండో తాడుంది. మొదటి పది నిమిషాలకు జవాబు రాకపోయి ఉంటే నేను దిగిపోయేవాణ్ణి. నాకు దిగడం వచ్చు. నాయుణ్ణి మేం మోసుకుంటూ రోడ్డుకు చేర్చి, అనకాపల్లి, అక్కడినుంచి విశాఖ తీసుకెళ్లాం. రక్తనాళం నలిగిపోయింది, ఒక గంట ముందు వచ్చి ఉంటే కాలు నిలపడానికి ప్రయత్నించేవాళ్లమన్నారు డాక్టరు గారు. మోకాలి దాకా తీసేశారు. వరండాలో బల్ల మీద కూర్చుని నా చేతులు చూసుకున్నాను. ఏమీ చేయలేని చేతులు.

మాష్టారు పుస్తకం చూశారు. బండకు రాసుకుని తాడు అదిరి ఉంటుందన్నారు. రమణ కోతి లాగి ఉంటుందన్నాడు. కావచ్చు. అడిగినన్నిసార్లే లెక్కపెట్టి లాగే కోతి ఆ కొండ మీద ఉందేమో నాకు తెలియదు.

నాయుడికి పుస్తకం చూపించాను. చూసి పక్కన పెట్టేశాడు.

"రాయడానికేటుంది బాషా, ఎప్పుడైనా రాయొచ్చు. ముడి సంగతి ఒదిలీ. అది నా సెయ్యి సేసిన పనే. గంటసేపు అరిసేన్రా నాను. భయమేసి దిగలేదని ఒక్క మాట సెప్పు, సాలు. దెయ్యం మీదకి తొయ్యకు."

నాకు రోషం వచ్చింది. లేచి వచ్చేశాను. రెండు నెలలు వాడి గడప తొక్కలేదు. షాపులో పని చేస్తుంటే చెయ్యి ఉన్నట్టుండి ఆగిపోయేది. వాడు లేకుండా ఉండలేనని అర్థమైంది.

ఒక మధ్యాహ్నం వెళ్లాను. మంచం మీద కూర్చుని ఉన్నాడు. "భయమేసిందిరా నాయుడూ" అన్నాను. వాడు నా భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. "ఆ మాటే ముందు సెప్తే ఏటయ్యేదిరా" అన్నాడు. వాళ్లావిడ ఇద్దరికీ టీ తెచ్చింది.

ఇప్పుడు మేమిద్దరం మునుపటిలాగే ఉన్నాం. నా బండి వెనక కూర్చుని సంతకు వస్తాడు. కొండ మీద భయపడి కూర్చుండిపోయిన బాషా అని మా జట్టులో అనుకుంటారు, నేను కాదనను. ముడి చూడని తప్పు నాది, దానికి ఎంత మాటైనా పడతాను. కానీ ఆ గంటా నేను అడిగిన ప్రతిసారీ నాకు జవాబిచ్చింది ఎవరో, ఎందుకిచ్చారో ఈ రోజుకీ తెలియదు. ఆ రోజు నాకు భయం వేయలేదు. ఆ సంగతి చెప్పుకోవాల్సినవాడు నాయుడు. వాడికి ఇక చెప్పలేను.