గాలిపెట్టె రూతమ్మ

ఆత్మకూరు దాటి బస్సు నల్లమల ఘాట్ ఎక్కుతుండగా నా చెవులు మూసుకుపోయాయి. ఇంజను రొద దుప్పటి కప్పినట్టు ఎక్కడో దూరంగా వినిపించింది. పక్క సీటులోని అమ్మాయి గబగబా పిప్పరమెంటు బిళ్ళ తీసి నా చేతిలో పెట్టబోయింది. వద్దన్నాను. అన్నం నములుతున్నట్టు దవడ ఆడించి, ఉమ్మి మింగాను. చెవుల్లో టప్పుమని చిన్న చప్పుడై లోకం మళ్ళీ దగ్గరికి వచ్చింది. ఆ పిల్ల నవ్వి, "ఎవరు నేర్పించినారవ్వా?" అంది. ఘాట్ దిగేవరకు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. నాకు అది నేర్పిన మనిషి పేరు రూతమ్మ. కర్నూలులో స్టేడియం వెనక వీధిలో, దెబ్బలు తగిలిన ఆటగాళ్ళకు చికిత్స చేసే ఫిజియో. పోయిన వానాకాలంలో చనిపోయింది. ఆమెను చూడని వాళ్ళకు ఆమె గురించి చెప్పాలని ఆ బస్సులోనే అనుకున్నాను.

నేను ఉద్యోగమంతా ఒక ప్రభుత్వ కార్యాలయంలో లెక్కల విభాగంలో చేశాను. పెళ్ళి చేసుకోలేదు. రిటైరైనప్పటి నుంచి నేను, చెల్లెలు సరోజ కర్నూలులో ఒకే ఇంట్లో ఉంటున్నాం. నాకు తేదీలు తప్పవు, కూడికలు తప్పవు. నా కథ మొదలైంది ఏప్రిల్ మూడో వారంలో, గురువారం నాడు, మంత్రాలయంలో. మిట్టమధ్యాహ్నం. నడవడానికి పరిచిన పట్టా మీద జనం కిక్కిరిసి ఉంటే, పక్కన బండల మీదుగా ప్రదక్షిణలు పూర్తి చేశాను. తోటివాళ్ళు కాళ్ళు కాలి గెంతుతుంటే, నాకేమీ కాలడం లేదని, ఇదంతా స్వామి దయ అని మురిసిపోయాను. షుగరు వల్ల నా అరికాళ్ళలో స్పర్శ పోయిందని అప్పటికి నాకు తెలియదు. తిరుగు ప్రయాణంలో బస్సులో కాళ్ళు చాపుకుంటే, సరోజ చూసి కేక వేసింది. కుడి అరికాలి ముందు భాగం మొత్తం నీటి బొబ్బ. జూన్ వచ్చేసరికి అది లోతైన పుండయింది. పెద్దాసుపత్రిలో సర్జన్ చూసి, మాట మెత్తగా చేసుకుని చెప్పాడు. నెలన్నర చూస్తారట. కండ పట్టకపోతే పాదం ముందు భాగం తీసేయాలట. మందులు, కట్లతో పాటు ఆక్సిజన్ చికిత్స కూడా చేయించుకుంటే కొంత ఉపయోగం ఉండవచ్చని, అది స్టేడియం వెనక ఒక చోట ఉందని చీటీ రాసిచ్చాడు.

అది ఒక పాత ఇల్లు. ముందు గదిలో వరుసగా బల్లలు. వాటి మీద కబడ్డీ ఆడే పిల్లలు, పోలీసు సెలక్షన్ల కోసం తెల్లవారుజామున రోడ్ల మీద పరుగెత్తి పిక్కలు పట్టేసిన కుర్రవాళ్ళు, ఐసు మూటలు కట్టుకుని పడుకుని ఉన్నారు. లోపలి గదిలో మనిషి పట్టే పొడవైన గాజు గొట్టం, అందరూ గాలిపెట్టె అనేవారు. ఒత్తిడి పెంచిన ఆ గొట్టంలో పడుకుని స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలిస్తే, రక్తం సరిగా అందని చోటికి కూడా కాస్త ప్రాణవాయువు చేరుతుంది. పొద్దున ఒక డాక్టరు వచ్చి అందరినీ చూసి వెళ్ళేవాడు. మిగతా రోజంతా ఆ ఇల్లు రూతమ్మది. నలభై అయిదు దాటిన మనిషి, గుమ్మానికి తల తగిలేంత పొడవు, వీధి చివరికి వినిపించే గొంతు. ఆటో దిగి సరోజను పట్టుకుని కుంటుకుంటూ వస్తున్న నన్ను చూసి ఆమె అన్న మొదటి మాట, "గమ్మున ఆడనే నిలబడు!"

చక్రాల కుర్చీ తోసుకుంటూ తానే ఎదురొచ్చింది. "ఈ నాలుగడుగులే కదమ్మా," అన్నాను.

"ఆ నాలుగడుగులే పెద్దమ్మా పుండును తినేది. ఈపొద్దు నుంచి ఈ కాలు భూమ్మీద పెట్టల్లంటే నన్ను అడిగి పెట్టల్ల."

లెక్కలు చూసిన బుద్ధి ఊరుకోదు. ఈ గాలితో మానుతుందని గ్యారంటీ ఉందా అని అడిగాను. "ల్యా," అంది వెంటనే. "షుగరు నువ్వు దించల్ల. కట్టు నర్సు మార్చల్ల. నువ్వు కాలు కింద పెట్టకుండా మీ చెల్లెలు కావలుండల్ల. ఇవన్నీ అయినాంక గాలి తన పని తాను చేస్తాది. ఒగ గాలితోనే అన్నీ అయ్యేటట్లుంటే నేనీ బల్లలన్నీ ఎప్పుడో అమ్మేస్తును." నాకు తృప్తిగా అనిపించింది. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పే మనుషులు నాకు జీవితంలో ఎక్కువ మంది తగల్లేదు.

ఆ తృప్తికి మరో కారణం కూడా త్వరలోనే దొరికింది. ఒకరోజు ఆత్మకూరు నుంచి ఒక కలప వ్యాపారి కారులో వచ్చాడు. జబ్బేమీ లేదు. వచ్చే నెల కూతురి పెళ్ళి. ఈలోగా కొన్నిసార్లు పెట్టెలో పడుకుంటే హుషారు వస్తుందని, ముఖం తేటపడుతుందని ఎవరో చెప్పారట. అడిగినన్ని దుడ్లు ఇస్తానన్నాడు. రూతమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని అతన్ని పైనుంచి కిందికి చూసింది. "ఏమప్పా, నల్లమల పక్కన పెట్టుకుని గాలి కోసం కర్నూలుకు వచ్చినావా? పొద్దున్నే లేసి ఆ కారు ఇంట్లోనే పెట్టి అడవి దాకా నడిచిపో, నడిచిరా. నెల తిరిగేలోపల పెండ్లికొడుకు ఎవరో జనం కనుక్కోలేరు." బల్లల మీది పిల్లలంతా పడీపడీ నవ్వారు. అతనూ నవ్వేశాడు. పోయేటప్పుడు ఆమె అతని బూట్లు చూసి, నడవడానికి ఎలాంటివి కొనాలో గుమ్మం దాకా వెళ్ళి మరీ చెప్పింది.

పెట్టెలోకి తోసేముందు ఆమెకొక అలవాటు. ప్రతి ఒక్కరి తల మీద అరచేయి పెట్టి ఒక క్షణం ఆగేది. రూతమ్మ వాళ్ళది ఆదోని అవతల ఒక పల్లె, చర్చికి వెళ్ళే కుటుంబం. అందుకని దీవిస్తోందనుకుని నేను కళ్ళు మూసుకునేదాన్ని. మొదటిసారి మూత పడ్డప్పుడు బతికుండగానే నన్ను సాగనంపుతున్నట్టు అనిపించింది. లోపలున్న స్పీకరులో ఆమె గొంతు వచ్చింది. "చెవులు పట్టేస్తాండాయా? అన్నం నమిలినట్లు దవడ ఆడించు. ఆఁ, అట్ల. ఇంగ ఉమ్మి మింగు." గాజు అవతల స్టూలు మీద కూర్చుని, నా భయం పోయేదాకా ఏదో ఒకటి చెబుతూనే ఉండేది. తను ఈటె విసిరే రోజుల సంగతులు అలాగే తెలిశాయి. పందెంలో కుడి భుజం బెణికితే, ఊళ్ళో కట్లు కట్టే మనిషి దగ్గరికి తీసుకెళ్ళారట. "నూనె రాసి గట్టిగా లాగినాడు పెద్దమ్మా. లాగినోడు శానా మంచోడు. భుజమే పోయె." ఆ తరువాత ఆమె ఈటె పట్టలేదు. ఈ చదువు చదివి తిరిగి ఈ జిల్లాకే వచ్చింది. ఇంకే పిల్లకూ అలా జరగకూడదనే వచ్చానని మాత్రం ఎప్పుడూ అనలేదు. నేనే అనుకున్నాను.

జూలైలో, సర్జన్ మళ్ళీ చూడటానికి పది రోజులు ఉందనగా, ఆమె అరచేయి నా తల మీద మామూలుకన్నా ఎక్కువసేపు ఆగింది. వేళ్ళు కొప్పు కిందికి జారాయి. వాటిని ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఆముదం," అంది. అంత చిన్న గొంతుతో ఆమె మాట్లాడగలదని నాకప్పటిదాకా తెలియదు. నా కుర్చీని ఒక్క లాగున ముందు గదిలోకి తెచ్చేసింది.

సరోజ బిక్కచచ్చిపోయింది. "అంతసేపు గాలి పీలిస్తే వేడి చేస్తాది కదమ్మా. మాడు సల్లగా ఉంటాదని పొద్దున రోంత అద్దినా."

"రోంతా? సరోజమ్మా, ఆ పెట్టె నిండా ఆక్సిజనే. దాంట్లో నూనెకు నిప్పు రవ్వ తగిలితే పెద్దమ్మ దీపమైపోతాది. పక్కన నేను వత్తినైపోతా. నేను నెత్తి మీద చెయ్యి పెట్టేది ఎందుకనుకున్నారు మీరు?"

దీవించడానికి అనుకున్నానని నేనే చెప్పాను. ఒక క్షణం నన్ను తేరిపార చూసి, కుర్చీ చేతి మీద వాలిపోయి కళ్ళ నీళ్ళు వచ్చేట్టు నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఒక్కో రోజు ఎంత విలువైనదో నా మనసు లెక్క కడుతూనే ఉంది. "అయితే ఈరోజుకు లేనట్టేనా?" అన్నాను. నా గొంతులో ఏం వినిపించిందో, ఆమె నవ్వు ఆపేసింది. "సరోజమ్మా, పక్కింటి బీబీనడిగి కుంకుడుకాయలు పట్టుకురా. ఉండేవన్నీ తే."

పెరట్లో బండ మీద కుర్చీ వేసి, నా కాలికి ప్లాస్టిక్ కవరు చుట్టి స్టూలు మీద ఎత్తిపెట్టింది. కుడి భుజం పైకి లేవదు కాబట్టి ఎడమ చేత్తోనే తల రుద్దింది. ఆముదం మొండిది, ఒక పట్టాన వదలదు. "ఎద్దులబండి ఇరుసుకు కూడా ఇంత పెట్టరు మా ఊర్లో," అని సరోజను దెప్పుతూ, రసం పోస్తూ, మళ్ళీ రుద్దుతూ, నా చెవుల వెనక, మెడ మీద వేళ్ళతో మెల్లగా తుడిచింది. చిన్నప్పుడు అమ్మ చేసినట్టే. అమ్మ పోయాక నా తలను ఇంకొకరి చేతికి అప్పగించి కూర్చున్న జ్ఞాపకం నాకు లేదు. ఆ పొద్దున సరోజ ఆముదం అద్దుతుంటే కూడా, త్వరగా కానివ్వమని విసుక్కున్నాను. నాకు తెలియకుండానే ఏడుపొచ్చింది.

"కండ్లు మండుతాండాయా?" అంది రూతమ్మ.

"కుంకుడు రసం."

"ఊఁ. కుంకుడు రసమే," అంది. ఇంకొక చెంబెడు నీళ్ళు నిదానంగా పోసింది.

జుట్టు ఆరేదాకా నన్ను ఫ్యాను కింద కూర్చోబెట్టారు. సాయంత్రం వంతు మోకాలు దెబ్బతిన్న ఒక కబడ్డీ అమ్మాయిది. "అవ్వనే పోనీ మేడం, నా మోకాలు యాడికీ పారిపోదులే," అని ఆ పిల్ల తన వంతు నాకు వదిలేసింది. ఆ రోజు నేను పెట్టెలోకి వెళ్ళాను. ఆ ఒక్క రోజే నా పాదాన్ని నిలబెట్టిందని చెప్పను. లెక్క అలా తేలదు. సర్జన్ చూసిన నాటికి పుండు అడుగున ఎర్రటి కొత్త కండ వచ్చింది. అప్పటికే చచ్చుబడిన చిటికెన వేలు ఒక్కటి తీసేశారు. పాదం ఉంది.

కట్టు విప్పాక రూతమ్మ ఆ ఖాళీని చూసి, "వేలు పోయిందని ఏడ్సుకోవాలంటే ఈపొద్దే ఏడ్సుకో. రేపు నుంచి నడక నేర్సుకోవల్ల, తీరికుండదు," అంది. నిజంగానే తీరిక ఇవ్వలేదు. తగిన చెప్పులు దగ్గరుండి కుట్టించింది. నేను జంకుతూ అడుగు వేస్తే వెనకనుంచి అరిచేది: "మడమ ముందు! దొంగతనానికి పోతాండావా? మన ఇంటికి మనం పోయినట్లు నడువు!" వినాయక చవితి దాటాక ఒకరోజు నన్ను గుమ్మం నుంచి గుమ్మానికి నడిపించి చూసి, చేతులు దులుపుకుంది. "అయిపోయె. మీ చెల్లెలితో రోజూ అరికాలు చూపించుకో. ఇంట్లో గానీ గుళ్ళో గానీ చెప్పుల్లేకుండా అడుగు పెట్టాకు. ఇంగ ఈడికి రాగాకు. నువ్వు రాకపోతేనే నాకు సంతోషం."

చెప్పింది చెప్పినట్టు చేయడం నా స్వభావం. వెళ్ళలేదు. ఆటోలో స్టేడియం దాటుతున్నప్పుడల్లా ఆ వీధి వైపు చూసేదాన్ని. బోర్డు కనిపించేది, ఒక్కోసారి ఆమె గొంతు కూడా వినిపించినట్టుండేది. జబ్బు లేకుండా ఊరికే వెళ్ళి పలకరించవచ్చని, ఆ మాట ఆమె సరదాకు అని ఉండవచ్చని, ఇప్పుడు అనిపిస్తుంది. అలా రెండేళ్ళు గడిచాక, తన వంతు నాకిచ్చిన ఆ కబడ్డీ అమ్మాయి ఫోన్ చేసింది. నిద్రలోనే రూతమ్మ గుండె ఆగిపోయిందట. నేను ఫోన్ పట్టుకుని, "ఏ రోజు?" అని అడిగాను. నాకు వచ్చిన ప్రశ్న అదొక్కటే.

వాళ్ళ పల్లెలో జ్ఞాపకార్థ కూడిక పెడితే నేను, సరోజ వెళ్ళాం. చిన్న చర్చి, లోపల నాపరాళ్ళు, చాపలు. గుమ్మం బయట చెప్పుల గుట్ట. అందరూ విడిచి లోపలికి వెళ్తున్నారు. నేను మెట్టు మీద ఆగిపోయాను. వాకిట్లో నిలబడ్డ పెద్దమనిషి మర్యాదగానే, "చెప్పులు ఈడ ఇడువమ్మా, ఎవరూ తీసుకోరు," అన్నాడు. వాళ్ళ ప్రార్థన చోటు, వాళ్ళ పద్ధతి. విడవడానికి మనసొప్పదు, వివరించడానికి నోరు రాదు. బయటే నిలబడదామని వెనక్కి తిరిగాను. అప్పుడు లోపలినుంచి ఒక ముసలామె గోడ పట్టుకుంటూ వచ్చింది. రూతమ్మ తల్లి. చూపు సరిగా ఆనదు.

"ఎవరమ్మా, ఈడిదాకా వచ్చి తిరుక్కుంటాండారు?"

"రూతమ్మ దగ్గర కాలు బాగుచేయించుకున్నదాన్ని," అన్నాను.

ఆమె వంగింది. నేను వద్దు వద్దంటుండగానే నా కుడి పాదం మీద చేయి వేసి, చెప్పు పట్టీల మధ్య తడిమి, చిటికెన వేలు ఉండాల్సిన చోట ఆగింది. "ఓ... ఆముదం పెద్దమ్మవా నువ్వు! నీ సంగతి చెప్పి చెప్పి నగుతాండె నా బిడ్డ." పెద్దమనిషి వైపు తిరిగి, "ఆయమ్మను అట్లే రానీప్పా," అంది. తరువాత నా చేయి పట్టుకుంది. "వేసుకునే రా తల్లీ. ఇడిపిస్తే అది నన్ను తిడతాది."

తిడుతుంది, అని అంది, బిడ్డ ఇంకా ఉన్నట్టే. నేను ఆ చేయి పట్టుకుని, మడమ ముందు పెట్టి, అంతమంది మధ్య నుంచి చెప్పులతో నడిచి వెళ్ళి ముందు వరుసలో కూర్చున్నాను.

ఇప్పుడు ఏ గుడికి వెళ్ళినా బయటి ద్వారం దగ్గరే చెప్పులతో నిలబడి దణ్ణం పెట్టుకుంటాను. చూసేవాళ్ళు చూస్తారు. ఇంట్లో కూడా చెప్పులతోనే తిరుగుతాను. రాత్రి నేను మంచం మీద కాళ్ళు చాపగానే, సరోజ అద్దాలు పెట్టుకుని అరికాళ్ళు చూసి, "ఏం ల్యా, శుభ్రంగా ఉండాయి," అంటుంది. నేనిప్పుడు విసుక్కోను, ఆమె ఇంకాసేపు చూసినా బాగుండుననిపిస్తుంది. ఎప్పుడైనా తెల్లవారుజామున, వంటింటి దాకానే కదా, ఇప్పుడు అరిచేవాళ్ళెవరున్నారు అనుకుని వట్టి కాలు నేలకు దించబోతాను. కాలు దానంతట అదే గాలిలో ఆగిపోతుంది. అలా కాసేపు కూర్చుంటాను. అరుపు వినబడదు. చెప్పులు వేసుకుని లేస్తాను.