తలుపు దగ్గర అక్క

మా వీధి సెలూన్ ఆయనకు మేం పెట్టుకున్న పేరు ఉపన్యాసం. కత్తి చేతికి వస్తే చాలు, ప్రభుత్వాన్ని ఉతికి ఆరేసేవాడు.

“సాయం మనసులోంచి రావాలండీ, పన్నుల్లోంచి కాదు. సర్కారు పక్కకు తప్పుకుంటే మనిషిని మనిషే చూసుకుంటాడు. ఆఫీసుల ముందు చేయి చాపితే ఇంక పరువేం మిగులుతుంది?”

ఉత్త మాటల మనిషి కాదు. మోకాళ్లు పాడైన వాళ్లక్కకు ఏళ్ల తరబడి మందులు కొనిచ్చింది అతనే. ఒక్క నెల కూడా తప్పలేదు. ఆ మాట ఒప్పుకుని తీరాలి.

నెల మొదట్లో ఆమె ఖాళీ మందుల అట్ట పట్టుకుని షాపుకు వచ్చేది. మొదలెట్టిన పని మధ్యలో ఆపడం అతని పద్ధతి కాదు. వంతు కోసం బల్ల నిండా మేం కూర్చుని ఉండేవాళ్లం. ఆమె తలుపు పట్టుకుని నిలబడేది.

“ఇదిగో, మా అక్క. పింఛనుకు పోనిచ్చానా? నేనున్నాగా!” అని కత్తితో చూపించేవాడు. మేం తలలూపేవాళ్లం. అందరికంటే గట్టిగా ఊపింది నేనే, సిగ్గు లేకుండా.

మొన్న నా గడ్డం సగం అయ్యేసరికి ఆమె వచ్చింది. చేతిలో అట్ట లేదు, కాగితం ఉంది.

“పింఛనుకు అర్జీ పెట్టుకున్నాన్రా. అభ్యంతరం లేదని ఇంట్లోవాళ్ల సంతకం కావాలట.”

అతని మొహం మాడిపోయింది. “నేనేం తక్కువ చేశానక్కా?”

“ఏం తక్కువ చేయలేదు. కానీ ఆఫీసులో నా వివరాలు ఒక్కసారే అడిగారు. అదీ కుర్చీ వేసి కూర్చోబెట్టి అడిగారు. ఇక్కడ నెలనెలా నిలబడి, నీ దయతో బతుకుతున్నానని పదిమంది ముందు వినాలి. నావల్ల కావట్లేదురా.”

మొదటిసారి అతను పని మధ్యలో ఆపాడు. చేతులు తుడుచుకోకుండానే సంతకం పెట్టాడు. కాగితానికి నురగ అంటింది. దాన్ని చొక్కాతో తుడిచి ఆమె చేతికిచ్చాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. అతనంటే మాటల్లో పడి చూసుకోలేదు. బల్ల మీద ఉన్న మాకేమైంది? ఇన్నేళ్లలో లేచి ఆమెకు చోటిచ్చినవాడు మాలో ఒక్కడూ లేడు.

మెడకు గుడ్డ, సగం మొహానికి నురగతో కుర్చీలోంచి లేచాను.

“కూర్చోండమ్మా.”

“పనైపోయింది బాబూ,” అంటూ ఆమె కాగితం మడుచుకుని, గోడ పట్టుకుని మెట్లు దిగింది.