తాళం వేసిన ఇళ్ళ ముందు ముగ్గు

మా అత్త పోయి ఇవాళ్టికి ఇరవై రోజులు. మధ్యాహ్నం అన్నం తిని, వసారాలో గోడకు ఆనుకుని చింతపండులో గింజలు తీస్తూ కూర్చుంది. నేను ట్యాంకరు దగ్గర నీళ్ళు పట్టుకుని వచ్చి బిందె దించేసరికి అలాగే కూర్చుని ఉంది. పిలిస్తే పలకలేదు. దగ్గరికి వెళ్ళి భుజం పట్టుకుంటే నా మీదికి ఒరిగింది.

ముందు మా ఆయనకు ఫోను చేశాను. తర్వాత మిరపకోతలకు పోయిన వాళ్ళకు చేశాను. మాది పెద్దారవీడు దాటి నల్లమల వైపు పోయే దారిలో ఉన్న పల్లె. వానను నమ్ముకున్న నేలలు. చలి తగ్గే రోజులకు మా వీధిలో సగం మంది ఇళ్ళకు తాళాలు వేసుకుని గుంటూరు వైపు కోతలకు పోతారు, ఎండలు ముదిరాక తిరిగి వస్తారు. కోత మధ్యలో ఎవరూ రారు. పెళ్ళిళ్ళకే రారు. మా అత్త కోసం వచ్చారు. ఒక మినీ లారీ మాట్లాడుకుని, కట్టుకున్న బట్టలతోనే తెల్లారేసరికి దిగారు. ఆ బట్టల నిండా మిరప ఘాటు. ఏడుపు మొదలుపెట్టిన వాళ్ళు తుమ్ముతున్నారు, ఓదార్చే వాళ్ళు తుమ్ముతున్నారు. మా ఎదురింటి వదిన అత్త కాళ్ళ దగ్గర కూర్చుని, "నెమ్మదిగా ఏడ్చుకోనియ్యకుండా అందరి చేతా తుమ్మిపిచ్చినావు గదే పెద్దమ్మా" అంది. ఏడుస్తున్న వాళ్ళందరికీ ఒక్కసారి నవ్వు వచ్చింది. మా అత్త ఉన్న చోట ఎప్పుడూ అంతే.

ఆమెకు చదువు లేదు. ఊళ్ళో పదవీ లేదు. కానీ మా ఊరికి ఏ లెక్క రాసుకోవడానికి ఎవరు వచ్చినా ముందు మా ఇల్లు అడిగేవాళ్ళు. ఓటర్ల పేర్లు రాసేవాళ్ళు, పోలియో చుక్కల వాళ్ళు, రేషను కార్డుల వాళ్ళు, అందరూ. మా అత్త చెంగు నడుముకు దోపుకుని ముందు నడిచేది, వాళ్ళు వెనక నడిచేవాళ్ళు. "ఈ ఇంట్లో ఎంతమంది ఉంటారమ్మా?" అని అడిగితే వెంటనే అంకె చెప్పేది కాదు.

"తినేటోళ్ళనా, పండుకునేటోళ్ళనా?" అని అడిగేది.

వచ్చిన వాళ్ళు తెల్లబోయేవాళ్ళు.

"మల్ల అట్ల అడగాల గద సారూ. ఈ ఇంట్లో తినేది ఆరుమంది. పండుకునేది నలుగురు. ముసలోళ్ళిద్దరూ కొట్టంలో పండుకుంటారు, గాలికి. ఆ పక్కింట్లో తినేది ముగ్గురే, పండుకునేది ఐదుగురు. ఇద్దరు ఆడపిల్లలు నాయనమ్మ కాడ తింటారు."

ఆ మాట విన్నాక వాళ్ళు పెన్ను ఆపి, మళ్ళీ మొదటి నుంచి అడిగేవాళ్ళు.

ఇంకొక అలవాటు ఆమెది. కోతలకు పోయిన వాళ్ళ వాకిళ్ళు రోజూ ఊడ్చేది. పదకొండు ఇళ్ళు. రెండు రోజులకొకసారి ట్యాంకరు వచ్చే ఊళ్ళో కళ్ళాపికి నీళ్ళు ఎక్కడివి? బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు ఒక బకెట్లో దాచిపెట్టి, ఒక్కో వాకిట్లో రెండు దోసిళ్ళు చల్లి, నాలుగు గీతల ముగ్గు వేసి వచ్చేది. పెళ్ళయిన కొత్తలో నాకు అది వింతగా ఉండేది. మా పుట్టిల్లు హనుమంతునిపాడు దగ్గర పల్లె. అక్కడా వలస పోతారు, కానీ తాళం వేసిన ఇంటికి ముగ్గు వేయడం నేను చూడలేదు.

"ఎవరూ లేని ఇంటికి ముగ్గెందుకత్తా?" అని ఒకసారి అడిగాను.

"లేకపోవడమేంది? కూలికి పోయినారు. ఊడ్చకుండా ఇడిస్తే దోవన పోయేటోళ్ళు పాడుబడిన ఇల్లనుకుంటారు. రేపు వాళ్ళు మూటలు దించుకునేటప్పుడు, ఇది మన ఇల్లేనా అని అనుమానం రాకూడదు."

నేను ఆమెతో మాట్లాడిన పెద్ద మాటల్లో అదొకటి. నాకు అప్పట్లో నోరు పెగిలేది కాదు. ఆరో తరగతితో చదువు ఆగింది. కొత్త మనిషి గడపలోకి వస్తే నేను లోపలి గదిలోకి పోయేదాన్ని. అత్త దాని గురించి తిట్టలేదు. "మా కోడలి మాటలు దాచుకునేదానికి ఇంకో బీరువా కొనాల" అని మాత్రం వచ్చిన వాళ్ళతో అనేది.

నాలుగేళ్ళ కిందట పక్కా ఇళ్ళ కోసం సర్వే వచ్చింది. నివాసం ఉన్న వాళ్ళ పేర్లే జాబితాలోకి వస్తాయి. ఎవరూ ఉండటం లేదు అని రాసుకుంటే వాళ్ళకు ఇక పక్కా ఇల్లు రాదు. అవి మిరపకోతల రోజులు. వీధిలో తాళాలే తాళాలు. పైగా అప్పుడు మాకు మైల. మా ఆయన చిన్నాయన పోయి వారం కాలేదు. మైలలో ముగ్గు ముట్టుకోరు కాబట్టి మా వాకిలి బోసిగా ఉంది. తాళాల ఇళ్ళకు మాత్రం అత్త ఎదురింటి వదిన చేత వేయించింది. తను దూరంగా నిలబడి, "ఆ ఇల్లు మరిచినావు, ఈ పక్క చూడు" అని చూపించేది.

సర్వే సారు కొత్తవాడు, మా ఇల్లు ఏదో ఎరగడు; అత్త వీధి మొదట్లోనే ఎదురుపోయింది. మొదటి తాళం చూడగానే ఆయన ఫోనులో నొక్కబోయాడు.

"ఎవరూ ఉండట్లేదు గదమ్మా, అట్లే రాసుకుంటా."

"ఉండకపోతే ముగ్గెట్ల వచ్చింది సారూ?"

"ఎవరేసినారు?"

"నేను ఏపిచ్చినా. ఇల్లిడిసి పోయినోళ్ళ వాకిట్లో ఏపిస్తానా? అదో, ఆ మూలింటోళ్ళు హైదరాబాదులోనే ఉండిపోయినారు. ఆడ చూడండి, గడ్డి మొలిచింది. అది కొట్టేసుకోండి, నేనేమీ అనను. మా ఈదిలో ముగ్గుంటే మనిషున్నట్టే."

సారు మంచివాడు. నవ్వి, ప్రతి ఇంటి వాళ్ళకూ ఫోను చేయించాడు. మిరపతోటలో నుంచి వాళ్ళు గట్టిగా అరిచి పేర్లు, వయసులు చెప్పారు. సాయంత్రానికి పదకొండు ఇళ్ళూ ఎక్కాయి. మా సందు మరుసటి రోజుకు మిగిలింది.

మరుసటి రోజు పొద్దున అత్త ట్యాంకరు దగ్గర వరసలో ఉంది. మా ఆయన మార్కాపురంలో పలకల పనికి పోయాడు. నేను ఒక్కదాన్నే ఇంట్లో ఉన్నాను. అప్పుడు నాకు ఐదో నెల. అప్పటి మా ఇల్లు పలకరాళ్ళు పేర్చి మట్టితో మెత్తింది. ముందు ఏడాది వానలకు వెనక గోడ ఒరిగితే మా ఆయన రెండు కర్రలు ఆనించి నిలబెట్టాడు. పురుటికి పుట్టింటికి పోయినా, బిడ్డను ఎత్తుకుని నేను తిరిగి రావలసింది ఆ గోడ కిందికే. ఆ సర్వే మాకు ఎంత అవసరమో నాకు తెలుసు.

తలుపు చేరవేసి ఉంది. బయట నుంచి, "ఇంట్లో ఎవరైనా ఉన్నారా?" అని సారు గొంతు. నేను తలుపు వెనకే ఉన్నాను. నా చెయ్యి గడియ మీద ఉంది. ఉన్నాను అనాలి. ఒక్క మాట. రాలేదు. ఆయన మళ్ళీ పిలిచాడు. మూడోసారి పిలిచి, "ముగ్గు కూడా లేదు, ఇక్కడెవరూ ఉండట్లేదు" అని వెంట వచ్చిన ఆఫీసు వాళ్ళతో అంటూ వెళ్ళిపోయాడు. అడుగుల చప్పుడు దూరమయ్యాక నేను ఊపిరి వదిలాను. నిజం చెప్పాలంటే అప్పుడు నాకు హాయిగా అనిపించింది. అత్తకు చెప్పలేదు. ఆయన మళ్ళీ వస్తాడులే అనుకున్నాను.

రాలేదు. జాబితా సచివాలయం గోడకు అంటించారు. అత్త నన్ను వెంట తీసుకుపోయి, "చదువు తల్లీ" అంది. వేలు పెట్టి ఒక్కో పేరూ చదివాను. పదకొండు ఇళ్ళూ ఉన్నాయి. ఒక్కో పేరుకూ అత్త తల ఊపింది. మా పేరు లేదు. రెండుసార్లు చదివాను. ఇంటికి వచ్చే దారిలో చెప్పేశాను.

అత్త నడక ఆపింది. "లోపలే ఉన్నావా?"

"ఉన్నా."

"ఆయప్ప పిలిచినాడా?"

"మూడుసార్లు."

కొట్టినా బాగుండు అనుకున్నాను. ఆమె నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ముగ్గు సంగతి ఆయప్పకు నేర్పిచ్చింది నేను. మైల సంగతి చెప్పాలని తోచకపాయె. నీ తప్పు సగం, నా తప్పు సగం."

మా ఆయన నవ్వలేదు. "ఊరోళ్ళవన్నీ రాయిచ్చి మనది పోగొట్టినారు గదా, అత్తాకోడళ్ళిద్దరూ" అని కంచం ముందు నుంచి లేచాడు. గ్రామసభలో అభ్యంతరాలు వింటారని తెలిసి, తల్లినే వెళ్ళి చెప్పమన్నాడు.

"నేను చెప్పను" అంది అత్త. "పదకొండు తాళాలకు నేనే సాక్షి. పన్నెండోది నాదే అంటే ఎవరు నమ్ముతారు? ఇంట్లో ఉండింది ఎవరో వాళ్ళే చెప్పాల."

సభకు నాలుగు రోజులుంది. ఆ నాలుగు రోజులూ పొయ్యి దగ్గర నేను, తలుపు బయట ఆమె. గొంతు మార్చి సారులాగా పిలిచేది.

"ఇంట్లో ఎవరమ్మా?"

"మేము" అనేదాన్ని, చిన్నగా.

"మేమంటే? మేకలా, మనుషులా? ఇంకొంచెం గట్టిగా. నాకే ఇనపడలే, ఆ సభలో ఎవురికి ఇనపడతాది?"

నేను నవ్వేదాన్ని. నవ్వాక గొంతు కొంచెం పైకి వచ్చేది. ఆమె ఒక్క మాట చెప్పింది, ఇప్పటికీ నాకు పనికొస్తున్నది. "అందురినీ చూడబాక. భయమేస్తాది. రాసుకునే మనిషి చెయ్యి చూడు. నువ్వు చెప్పేది పోవాల్సింది ఆ చేతి కాడికే."

సభ బడి ఆవరణలో జరిగింది. మగవాళ్ళే ఎక్కువ. సచివాలయం మేడం జాబితా చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడిగింది. ఎవరూ ఏమీ అనకముందే వెనక నుంచి ఒకాయన, "అక్కా, తాళాలన్నిటికీ పేర్లు రాయిస్తివి, నీ ఇంటికి కూడా తాళమే పడిందంట గదా!" అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరి చేతా మాట పడని మనిషి, ఆ రోజు నోరు తెరవలేదు. తల వంచుకుని కాలి బొటనవేలితో ఇసుకలో గీస్తూ కూర్చుంది. నా కోసం ఆ నవ్వులన్నీ భరిస్తున్నదని నాకు తెలిసింది.

లేచి నిలబడ్డాను. మేడం చెయ్యి చూశాను. పక్కన సర్వే సారు కూడా ఉన్నాడు.

"ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నా సార్. మీరు మూడుసార్లు పిలిచినారు. సిగ్గుపడి పలకలేదు. మా ఇల్లు ఖాళీ కాదు. మేము ముగ్గురం ఉండాము. నాకు ఐదు నెలలు పోయి ఆరో నెల."

సారు గుర్తు తెచ్చుకున్నాడు. "ముగ్గు లేదు గదమ్మా?"

"మైల సార్. మా చిన్నమామ పోయి అప్పటికి వారం కాలేదు. మైలలో ముగ్గు ఎయ్యము. వెనక గోడ ఒరిగింది, మీరొచ్చి చూడొచ్చు. ఈసారి పిలిస్తే పలుకుతా."

మళ్ళీ నవ్వులు వచ్చాయి, కానీ అవి వేరే నవ్వులు. చిన్నమామ పోయిన మాట నిజమేనని ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు చెప్పారు. సారు ఆ సాయంత్రమే వచ్చి గోడ చూసి, ఫోటో తీసి, మా పేరు ఎక్కించాడు. ఏడాదిన్నరకు మా ఇంటికి స్లాబు పడింది. ఈనాడు నేను ఈ మాటలు రాస్తున్నది ఆ ఇంట్లో కూర్చునే. మా అత్త ఇందులో రెండేళ్ళకు పైగా ఉంది. మనవరాలిని ఒళ్ళో వేసుకుని, కొత్త గోడను అరచేత్తో తట్టి చూసేది. ఎవరన్నా ఇల్లు బాగుందంటే, "మా కోడలు నోటితో కట్టింది" అనేది. నాకు సిగ్గేసేది. ఇప్పుడు ఆ మాట తలచుకుంటే సిగ్గు వేయడం లేదు.

ఆమె చేసిన మంచి పనులు చెప్పమంటే ఊరివాళ్ళు చాలా చెబుతారు. నాకు మాత్రం ఆ గ్రామసభ నుంచి తిరిగి వచ్చిన దారే పదే పదే గుర్తుకొస్తున్నది. మిట్టమధ్యాహ్నం. ఎప్పుడూ ముందు నడిచే మనిషి ఆ రోజు నా వెనక నడిచింది. ఎదురైన ప్రతి మనిషినీ ఆపి, "మా కోడలు సభలో మాట్లాడింది" అని చెప్పింది. మా వీధిలోకి వచ్చాక చెప్పడానికి మనుషులు లేరు. అందరూ మిరపతోటల్లో ఉన్నారు. వెనక అడుగులు వినపడకపోతే తిరిగి చూశాను. అత్త మొదటి తాళం ఇంటి ముందు ఆగి ఉంది. "ఓ అక్కా, ఇన్నావా? మా కోడలు మాట్లాడింది" అంటున్నది. తర్వాతి ఇంటి ముందు ఆగి, "చిన్నమ్మా, అందురూ మగోళ్ళే, ఒక్కతే నిలబడి చెప్పింది" అన్నది. నేను ఎండలో నిలబడి, కొంగు తల మీదికి లాక్కుని చూస్తున్నాను. ఆమె తలుపు మీద చెయ్యి ఆనించి, లోపల మనిషి ఊ కొడుతున్నట్టే, నేను చెప్పిన ప్రతి మాటా వరసగా చెబుతూ, మధ్యలో ఆగి నవ్వుతూ, ఇంటి తర్వాత ఇల్లు, వీధి చివరిదాకా వచ్చింది.