నూలుపోగుతో తీసిన కొలత

నా పేరు సుబ్బమ్మ. వయసు ఎనభైకి రెండు తక్కువ. బొమ్మనహళ్ళిలో కొడుకు రమేశ, కోడలు సుజాత, మనవరాలు దీపతో ఉంటాను. నాకు చదువు రాదు... నేను చెప్తుంటే దీప రాస్తోంది. ఒక్క మాట మార్చినా ఊరుకోనని ముందే చెప్పాను.

మా చిన్నప్పుడు... ఇదే బెంగళూరులో, పాత పేటలోని మా ఇంట్లో గుంట మగ్గం ఉండేది. నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించి, పలక మీద కూర్చుని నేసే మగ్గం. మా తాతది. ఆయన పొడుగు మనిషి. ఆయన పోయాక దాని మీద అమ్మ కూర్చుంది. అమ్మ పొట్టి. కింద కాళ్ళతో తొక్కే చెక్కలు అందక, పలక అంచుకు జారి జారి నేసేది... సాయంత్రానికి నడుము పట్టుకుని లేచేది.

మగ్గం బాగుచేయించాలని నాన్న వడ్రంగిని పిలిచాడు. మొదట వచ్చినాయన పేరున్నవాడే. గుంట కొలిచాడు, పలక కొలిచాడు, పాత చెక్కలు తీసి అదే కొలతకు కొత్తవి వేస్తానన్నాడు. నాన్న ఆయనకు మజ్జిగ ఇచ్చి పంపేశాడు.

రెండో ఆయన ఏదీ కొలవలేదు. గడప దగ్గరే నిలబడి, "నేసేది ఎవరప్పా?" అన్నాడు.

"మా ఇంటామె."

"అయితే ఆయమ్మను కూచోమను. రోంతసేపు నేయనీ, చూస్తా."

అమ్మ సిగ్గుపడుతూనే కూర్చుంది. ఆయన చూసి చూసి, ఒక నూలుపోగు అడిగి నా చేతికిచ్చాడు. "పాపా, మీయమ్మ మోకాలి కాడినుంచి మడమ దాకా పట్టి, రెండు పక్కలా ముడెయ్యి."

అమ్మకు చక్కిలిగింతలై కాలు లాక్కుంది... నేను మళ్ళీ పట్టాను. ఆయన ఆ పోగు జేబులో వేసుకుని వెళ్ళి, మర్నాడు వచ్చి దాని ప్రకారమే తొక్కే చెక్కలను పైకి లేపి కట్టాడు. ఆ తర్వాత అమ్మ నడుము పట్టుకుని లేవడం నేను చూడలేదు.

ఇప్పుడు నా సంగతి.

మా వంటగది అల్మారాలు ఎత్తు. పోయిన నెల కారప్పొడి డబ్బా కోసం స్టూలెక్కి జారాను... మోచెయ్యి కమిలింది, అంతే. అప్పటినుంచి రమేశ నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వడం లేదు. ఆ అల్మారాలకు చెదలు పట్టింది, కొత్తవి చేయించాలి.

మారతహళ్ళి నుంచి ఒకాయన వచ్చి గోడలన్నీ కొలిచాడు. ఫోనులో రంగుల బొమ్మ చూపించాడు. పై అరకు నా చెయ్యి అందుతుందా అని అడిగితే, "చిన్న నిచ్చెన ఫ్రీగా ఇస్తామజ్జీ" అన్నాడు.

మర్నాడు కుందలహళ్ళి నుంచి ఇంకో వడ్రంగి వచ్చాడు. బొమ్మలేమీ లేవు, చెవి మీద పెన్సిల్ ఒకటి. "వంట చేసేదెవరు సార్?" అని అడిగాడు.

"మా అమ్మ చేసేది. ఇంక చేయదు," అన్నాడు రమేశ.

"ఎవురు చెప్పినార్రా నీకు? నేనింకా బతికే ఉండాను," అన్నాను.

వడ్రంగి నవ్వు ఆపుకుంటూ, "అవ్వా, గోడకానుకుని చెయ్యెత్తు," అన్నాడు. ఎత్తాను... కొంచెం మునివేళ్ళ మీద లేచాను. అది కనిపెట్టేశాడు. "మడమ దించవ్వా." దించాక, నా వేలి కొస దగ్గర గోడ మీద గీత గీశాడు.

సుజాత వచ్చి తనూ చెయ్యెత్తింది. నా గీతకు నాలుగు వేళ్ళు పైన, అంతే. "నాకూ స్టూలు కావల్సిందే అత్తా. ఇన్నేళ్ళూ చెప్పలేదు," అంది.

రమేశకు మాత్రం రంగుల బొమ్మ మీదే మనసు. ఆదివారం ఆ మారతహళ్ళి ఆయనకే మాటిచ్చేస్తాడట.

రమేశూ, ఇది నువ్వూ చదువుతావని తెలుసు. గోడను మాత్రమే కొలిచినవాడికి పని ఇచ్చావంటే, చిటికెడు కారానికి కూడా నేను ఇంకొకరిని పిలవాలి. నా వాదన ఇంతే.

ఆ రోజుల్లోనూ అందరు వడ్రంగులూ మనిషిని చూడలేదు. కానీ చూడనివాణ్ణి మజ్జిగ ఇచ్చి పంపేసే నాన్న ఉండేవాడు... ఇప్పుడు బొమ్మ బాగుంటే చాలు, మనమే సరేనంటున్నాం.

మీ ఇంట్లో పని మొదలుపెట్టే ముందు వడ్రంగి ఎవరిని చూశాడు? రాయండి... దీప నాకు చదివి వినిపిస్తుంది.

గోడ మీద పెన్సిల్ గీత పక్కన కాటుకతో వేసింది నా బొటనవేలి ముద్ర. తుడిచేవాళ్ళు ముందు నన్ను అడగాలి.

సాక్షులు: సుజాత, కోడలు. దీప, మనవరాలు.