ఓడినవాళ్ల రేకులు

మా ఆయన ముప్పై ఒక్క సంవత్సరాలు ఒకే దుకాణంలో పనిచేశారు. ఆటల్లో గెలిచినవాళ్లకిచ్చే కప్పుల మీద పేర్లు చెక్కడం ఆయన పని. ఎంత నెమ్మదిగా చేసేవారంటే, దుకాణంలో అందరూ ఆయన్ని 'నిదానం' అనే పిలిచేవారు. ఇంట్లోనూ అంతే. ఆయన చొక్కా గుండీలు పెట్టుకునేలోపు నా వంట సగం అయ్యేది.

ఆయన పోయి నాలుగు నెలలైంది. బట్టలు సర్దడానికి చేతులు రాక వదిలేసిన అటకను మొన్న దులిపాను. వెనక మూలన బిస్కట్ల డబ్బా ఒకటి దొరికింది. ఎత్తితే చెయ్యి లాగేసేంత బరువు. లోపల పాత బనియను గుడ్డలో చుట్టి ఇత్తడి రేకులు, వేలెడంతవి. ఒక్కొక్క దాని మీద ఒక పేరు, కింద 'మొదటి బహుమతి'.

నేను చదివింది అయిదో తరగతి. అక్షరాల మీద వేలు పెట్టుకుంటూ చదివాను. నాలుగైదు చదివేసరికి అవేమిటో తెలిసింది.

సంగతేమిటంటే, ఆఖరి పోటీ అయిన పది నిమిషాల్లో కప్పు ఇచ్చెయ్యాలి. అప్పటికప్పుడు పేరు చెక్కడం ఎవరి వల్లా కాదు, నిదానం వల్ల అసలే కాదు. అందుకని పోటీలో మిగిలిన ఇద్దరి పేర్లతోనూ ముందే రెండు రేకులు చెక్కి పెట్టేవారు. ఈల మోగగానే గెలిచినవాళ్ల రేకు కప్పుకి అతికిస్తారు. రెండోది దుకాణానికి తెచ్చి, ఆకురాయితో అక్షరం మిగలకుండా అరగదియ్యాలి. అది యజమాని పెట్టిన నియమం. ఒకసారి ఓడినవాడెవడో తన రేకు సంపాదించి, వేరే కప్పు కొనుక్కుని అతికించుకుని ముందుగదిలో పెట్టుకున్నాడట. గెలిచినవాడి అన్నదమ్ములు వెళ్లి నానా గొడవా చేశారట. అప్పటినుంచి పోటీ అయిన ప్రతి సాయంత్రం యజమాని అడిగేవాడు.

"నిదానం, అరగదీశావా?"

"ఆ, అయిందండీ."

సాయంత్రాలు ఆయనకి దుకాణానికి టీ పట్టుకెళ్లినప్పుడు ఆ మాట నా చెవులతో ఎన్నోసార్లు విన్నాను. అయిందని చెప్పిన రేకులన్నీ ఇప్పుడు నా ఒళ్లో ఉన్నాయి.

మా ఆయన అబద్ధం చెప్పడం నేనెరగను. పక్కింటావిడ కొత్త చీర కట్టుకొచ్చి "ఎలా ఉంది అన్నయ్యా?" అంటే, "మీకు నప్పలేదమ్మా" అని, ఆవిడకీ నాకూ నెల్లాళ్లు మాటల్లేకుండా చేసిన మనిషి. అలాంటి మనిషి దుకాణం సొత్తు ఇంటికి తెచ్చి, ఇన్నేళ్లు ఒకే అబద్ధం ఎందుకు చెప్పారు?

మా మరిదికి చూపించాను.

"వదినా, ఎవరికీ చెప్పకు. అన్నయ్యని దొంగంటారు. పాత సామాన్లవాడి గోనెలో పడేసి చేతులు దులుపుకో."

"దొంగ కాదు కదా మరి?"

"కాదని నీకూ నాకూ తెలిస్తే సరిపోతుందా?"

నాకు తెలిస్తే సరిపోతుంది. కానీ నాకే తెలియదు కదా.

ఒకరోజు అన్నం తింటూ ఆయన చెప్పిన మాట గుర్తొచ్చింది. కప్పులకి బొమ్మలు గీసే డ్రాయింగు మాస్టారు ఆయనకి చెప్పారట. ఎప్పుడో పాతకాలంలో, ఎక్కడో గ్రీకు దేశంలో, యుద్ధం గెలిచినవాళ్లు శత్రువు వెన్ను చూపిన చోటే ఒక చెట్టు మొద్దు పాతి, ఓడినవాడి శిరస్త్రాణం, డాలు, కవచం దానికి తగిలించేవారట. మొదట్లో ట్రోఫీ అంటే అదేనట. అది కర్రదే అయ్యుండాలి, పాడైతే బాగుచెయ్యకూడదు. కర్రతోపాటే పగ కూడా పుచ్చిపోవాలని. తరవాతొచ్చిన రాజులు అవే డాళ్లూ కవచాలూ రాతిలో చెక్కించారట, ఎప్పటికీ పోకుండా.

"చూశావా, అప్పట్లో దానిమీద ఉన్నవన్నీ ఓడినవాడివే. ఇప్పుడు వాడి ఊసే ఉండదు," అన్నారు. నేను కూర వడ్డిస్తూ 'ఊ' కొట్టాను. ఇంకో మాట అడిగి ఉండాల్సింది.

డబ్బాలో ఒక పేరు నాకు తెలిసిందే. రెండు వీధుల అవతల ఉండే టైలరమ్మది. ఆ రేకు కొంగున కట్టుకుని వెళ్లాను. మిషను తొక్కుతూనే రేకు అందుకుంది. చదివింది. మిషను ఆగిపోయింది.

"ఇదెక్కడిది అక్కా? నేను ఓడిపోయాను కదా!"

"నువ్వేం ఆడేదానివే?"

"బ్యాడ్మింటన్. నన్నిప్పుడు చూస్తే ఎవరు నమ్ముతారులే. ఆ రోజు మా అమ్మ నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. జాలిపడి రెండుసార్లు అన్నం పెట్టింది." నవ్వుతూనే రేకు తిప్పి చూసింది. "అయితే నాది కూడా చెక్కారన్నమాట! గెలిచే పిల్ల ఆ పిల్లేనని అందరికీ ముందే తెలుసనుకున్నానక్కా, ఇన్నాళ్లూ."

"ఉంచుకుంటావా?"

గోటితో ఒక్కో అక్షరం తడిమింది. తరవాత నా చేతిలో పెట్టేసింది.

"వద్దక్కా. ఆ పిల్ల నిజంగా బాగా ఆడింది. ఇది నా ఇంట్లో ఉంటే ఆ పిల్లకి అన్యాయం చేసినట్టే. అరగదీసెయ్. చూశానుగా, చాలు."

యజమాని పెట్టిన నియమంలో ఉన్న న్యాయం నాకు అప్పుడు అర్థమైంది. డబ్బా ఎత్తుకుని తిన్నగా దుకాణానికి వెళ్లాను. మరిది మాట వినలేదు.

యజమాని ముసలాయన. గల్లాపెట్టె పక్కన కూర్చుని కప్పులు తుడుస్తున్నాడు. ఎదురుగా డబ్బా మూత తీసి పెట్టాను.

"బాబాయిగారూ, మా ఆయన మీకు అబద్ధం చెప్పారు. ఇవి అరగదియ్యలేదు. ఒక్కటీ అమ్ముకోలేదు, ఎవరికీ ఇవ్వలేదు. ఎందుకు దాచారో నాకు తెలియదు. మీకేమైనా తెలిస్తే చెప్పండి."

ఆయన డబ్బాలోకి చూశాడు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశాడు.

"ఓరి నిదానం!" అన్నాడు. కోపమో ఏమో తెలియలేదు. "చేరిన కొత్తలో నన్నొకటి అడిగాడు తల్లీ. 'పోటీకి గంట ముందు ఇద్దరూ గెలిచినవాళ్లే కదండీ, మరి ఒకణ్ణే ఎందుకు చెరపాలి?' అని. నాకు ఒళ్లు మండింది. 'వేదాంతం ఇంటి దగ్గర చెప్పుకో, ఇక్కడ ఆకురాయి పట్టుకో' అన్నాను. ఆ తరవాత మళ్లీ అడగలేదు."

"అడగకుండా ఇంటికి తెచ్చుకున్నారన్నమాట."

"దొంగ వెధవ," అన్నాడాయన. అని, నాలుక కరుచుకున్నాడు. "తప్పుగా అనుకోకు తల్లీ. దొంగతనమైతే అమ్ముకునేవాడు. ఇది మొండితనం."

మొండితనమైతే నాకు పరవాలేదు. దానితో ఇన్నేళ్లు కాపురం చేశాను. నా గుండెల మీద బరువు అక్కడే దిగింది.

"ఆకురాయి ఇవ్వండి. అయిందని ఆయన మీకు మాటిచ్చారు. ఆ పని నేను చేస్తాను," అన్నాను.

ఆయన పీట వేయించాడు. పట్టకారుతో రేకు ఎలా బిగించాలో చూపించాడు. ముందు టైలరమ్మది తీశాను. మా ఆయన అక్షరాలు ఎంత లోతో అప్పుడు తెలిసింది. ఒక్క పేరు పోయేసరికి నా భుజం లాగేసింది. చీర నిండా పచ్చటి పొడి.

రెండోది కూడబలుక్కుంటూ చదువుతుంటే యజమాని చెయ్యి చాచాడు.

"ఇలా తే. నేను చదువుతాను, నువ్వు రుద్దు." వెలుతురుకి పట్టి చూశాడు. "వీడా! కుస్తీ పట్టేవాడు. ఎడమ భుజం మీద పుట్టుమచ్చ ఉండేది. చివరి పట్టులో జారాడు గానీ, లేకపోతేనా... ఆగు, అప్పుడే రుద్దకు. ఆ రోజు ఏమైందో చెప్తాను విను."

నేను ఆకురాయి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.