గార్డును నమ్మిన మైలో

టేబర్ క్రీక్ ఊళ్లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడిన మగవాళ్లందరికీ మైలో వర్బ్కా మాట ఒకటి కంఠతా వచ్చు. "బంతిని చూడకు, బంతి అబద్ధాలకోరు. గార్డును చూడు. గార్డు అబద్ధం ఆడడు."

పగలు పశువుల దాణా లారీ నడుపుతూ, సాయంత్రాలు హైస్కూలు మైదానంలో లైన్‌బ్యాకర్లకు ఆట నేర్పుతూ మైలో జుట్టు నెరిసింది. ముందు వరసలో దున్నపోతుల్లా కుమ్ముకునేవాళ్ల వెనక కాస్త ఎడంగా నిలబడి, అవతలి జట్టు ఎత్తు పసిగట్టి మీద పడేవాడు లైన్‌బ్యాకర్. ఎదుటి వరసలోని గార్డు ముందుకు తోసుకొస్తే వాళ్లు బంతి పట్టుకుని పరిగెత్తబోతున్నట్టు, ఎదురెళ్లి ఢీకొట్టాలి. గార్డు వెనక్కి తగ్గితే బంతి విసరబోతున్నట్టు, వెనక్కి ఉరకాలి. మైలో వేదం అంతే. దానికి తగ్గట్టే ఆయన నడుమ నిలబెట్టే కుర్రాళ్లకు మెడ ఉండేది కాదు. తల తిన్నగా భుజాల మీదే కూర్చునేది.

ఈ ఏటి మెడలేని కుర్రాడు బ్రాంట్ కుచెరా, మైలో చిన్ననాటి స్నేహితుడు హార్లన్ కొడుకు. నడిమి చోటు వాడిదేనని వాడు పలక పట్టిన నాటినుంచీ ఊరంతా అనుకుంటోంది. మొదటి ఆట వారంలోకి వచ్చేసరికి హెడ్ కోచ్ ట్రెంట్ ఆస్టర్‌మన్ కొత్త మాట ఎత్తాడు. ట్రెంట్ కూడా ఒకప్పుడు మైలో శిష్యుడే.

"నడుమ టేయో అలార్కోన్‌ని నిలబెడదామనుకుంటున్నా, కోచ్. బ్రాంట్‌ని వరస చివరికి పంపిద్దాం."

టేయో తల్లీ తండ్రీ మాంసం ఫ్యాక్టరీలో పనిచేస్తారు. నిరుటి దాకా వాడు మైదానం వెనక భాగంలో, అవతలివాళ్లు విసిరే పాసులను అడ్డుకునేవాడు. మనిషి సన్నం, కాళ్లు మాత్రం లేడి కాళ్లు.

"వాడా? వాడికంటే మా ఆవిడ బరువు."

"ఆర్లిస్ గారు వింటే మీకు అన్నపానాలు బంద్. నిరుడు వెసెల్ ఊరివాళ్లు మన నడిమివాడి వెనకాలే విసిరి విసిరి గెలిచారు, మర్చిపోయారా?"

"మనవాడు గార్డును సరిగ్గా చూళ్లేదు."

"సరిగ్గానే చూశాడు, కోచ్. చూడబట్టే ఓడాం."

మైలోకి ఒళ్లు మండింది. "నడుమ ఆ మొక్కజొన్న దంటును నిలబెడితే ఈల నీకిచ్చేసి ఇంట్లో కూర్చుంటా. శుక్రవారం వెసెల్ ఆట లోపల తేల్చుకో."

కోపంలో అన్నాడే గాని, ఇంటికెళ్లే దారిలో ఆయనే ఆలోచనలో పడ్డాడు. శుక్రవారం సాయంత్రం మైదానంలో దీపాలు వెలుగుతుంటే తను వంటింట్లో కూర్చుని ఏం చేస్తాడు? మాట వెనక్కి తీసుకుందామంటే అప్పటికే ఊరు దాటింది.

మర్నాడు పొద్దున రైతుల సహకార స్టోరులో కాఫీ బల్ల దగ్గరికి వెళ్లేసరికి పెద్దలంతా పాచికలు గిలక్కొడుతున్నారు. ఓడినవాడు అందరికీ కాఫీ పోయించాలి.

"ఏరా మైలో, విశ్రాంతి తీసుకుంటున్నావటగా," అన్నాడు హార్లన్. "స్వెటర్లు అల్లడం నేర్చుకో. ముందు నాకొకటి అల్లు."

"నీ పొట్టకి సరిపడా ఊలు ఈ జిల్లాలో దొరకదు."

"అది సరే గాని, మావాణ్ణి నడుమనుంచి తీసేస్తే నేనూ ఆటకి రాను. నీతోపాటే కూర్చుంటా, చెరో సూదీ పట్టుకుని."

పగలు ఆ స్టోరులో గల్లా చూసే ట్రెంట్ ఇదంతా విన్నాడు. "వాదనలెందుకు, కోచ్? వెనకాల ట్రాక్టర్ల షెడ్డు ఖాళీగానే ఉంది. మీరే నడుమ నిలబడండి. గార్డు అబద్ధం ఆడతాడో లేదో చూద్దాం."

పిలవకుండానే అందరూ కప్పులతో కదిలారు. కోళ్ల మేతకు వచ్చిన ఆర్లిస్‌కి బంతి అప్పగించారు. పెళ్లికి ముందు ఆవిడ సాఫ్ట్‌బాల్ జట్టులో విసిరే చెయ్యి. మోకాలికి పట్టీతో హార్లన్ గార్డయ్యాడు. బంతి అందుకుని పరిగెత్తేవాడు ట్రెంట్. పాచికల్లో ఓడి కాఫీ పోయించిన చర్చి ఫాదర్ లాంబర్ట్‌ని, పాస్ అందుకోమని ఓ పక్కన నిలబెట్టారు.

ఆట మొదలైంది. హార్లన్ ముందుకు తోసుకొచ్చాడు. పరుగే, సందేహం లేదు. మైలో ఎగిరి వెళ్లి వాడి భుజాన్ని ఢీకొట్టాడు. "మెల్లగారా, నీ దుంపతెగ," అని హార్లన్ అంటుండగానే బంతి మైలో చెవి పక్కనుంచి రివ్వున దూసుకుపోయింది. అంతకు క్షణం ముందు మైలో నిలబడ్డ చోటే ఫాదర్ దాన్ని పొట్టకేసి అదుముకుని, తన చేతుల్ని తనే నమ్మలేనట్టు చూసుకున్నాడు.

"దొంగాట ఆడావు కదరా," అన్నాడు మైలో.

"నేనెక్కడ ఆడాను? తోయమన్నారు, తోశాను. నడుం పట్టేసింది కూడా."

మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి మైలో చోటు వదల్లేదు. ఆర్లిస్ ఆయన వంక చూసి, చిన్నగా నవ్వి, బంతిని ట్రెంట్ చంకలో పెట్టింది. ట్రెంట్ హార్లన్ పక్కనుంచి సందు చూసుకుని గోడదాకా నింపాదిగా నడిచి వెళ్లాడు, సంతకొచ్చినట్టు.

"నువ్వు ఏం చూసి తేల్చుకుంటున్నావు?" మైలో భార్యను అడిగాడు.

"నిన్నే. నువ్వు మీదికొస్తే నీ వెనక్కి విసురుతా. రాకపోతే ట్రెంట్‌కిస్తా. ఇన్నేళ్ల కాపురంలో నువ్వెటు కదులుతావో తెలీదా ఏంటి?"

"అదే, కోచ్," అన్నాడు ట్రెంట్. "వరసలో అందరూ పరుగనుకునే తోస్తారు. బంతి ఎటు పోతుందో గార్డుకే తెలీదు. పాపం, ఆయన నిజమే చెబుతున్నాడు. ఆ నిజం మనకు పనికిరాకుండా పోయింది."

మైలో టోపీ తీసి, దులిపి, మళ్లీ పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం ఆయన అందరికంటే ముందే మైదానం చేరాడు. టేయో ఒక్కడే బూట్ల తాళ్లు కట్టుకుంటున్నాడు.

"నువ్వు గార్డును చూస్తావా, చూడవా?"

టేయో బెదిరిపోయి లేచి నిలబడ్డాడు. "చూస్తాను, కోచ్. కాకపోతే బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ నన్ను చూస్తుంటాడు కదా. అందుకని ముందుకు దూకబోతున్నట్టు ఒక అడుగు వేస్తాను. వాడు నమ్మి విసురుతాడు. నేను అప్పటికే వెనకుంటా."

"అంటే నువ్వే అబద్ధం ఆడతావన్నమాట."

"కొంచెం, కోచ్."

అవతలివాళ్ల అబద్ధం పట్టుకోవడమే మైలో ఇన్నాళ్లూ నేర్పింది. తన లైన్‌బ్యాకర్ చేత అబద్ధమాడించవచ్చని ఎన్నడూ తోచలేదు. "అయితే గార్డు వచ్చి నీ మీద పడితే?" అని అడిగాడు.

"అప్పుడు నేను కిందపడతాను."

"ఆ ముక్క నాకు తెలుసు. ఇలా రా. వాడి చెయ్యి నీ ఛాతీకి తగలకముందే కొట్టి కిందికి దించు. భుజం వంచు. అంతలా కాదు, దేవుడికి దండం పెడుతున్నావా?"

చీకటి పడేదాకా ఇద్దరూ అదే పని. తర్వాత బ్రాంట్‌ని పక్కకు పిలిచి, మైలో గొంతు సవరించుకున్నాడు. "ఒరేయ్, నిన్ను చివర నిలబెడుతున్నాం. క్వార్టర్‌బ్యాక్ మీదికి ఉరకడమే నీ పని. బాధపడకు."

బ్రాంట్ మొహం చేటంతయింది. "నిజంగానా, కోచ్? నడుమ ఉంటే ఎప్పుడూ ఆలోచిస్తూనే ఉండాలి. నాన్నకి చెప్పడానికే భయమేసి నోరు మూసుకున్నా."

"నాన్న సంగతి నేను చూసుకుంటా. వాడు ఇవాళ నడుం పట్టేసి పడుకున్నాడు, ఎక్కడికీ పారిపోలేడు."

శుక్రవారం వెసెల్ వాళ్లు వచ్చారు. తను ఉంటాడో మానేస్తాడో మైలో ఇంకా ఎవరికీ చెప్పలేదు. అడిగే ధైర్యం ట్రెంట్‌కి లేదు. మొదటి సగంలో టేయో ఒక అడుగు ముందుకేశాడు, వెసెల్ క్వార్టర్‌బ్యాక్ ఆశగా విసిరాడు, బంతి వచ్చి టేయో చేతుల్లో పడింది. అలార్కోన్ల కుటుంబం కూర్చున్న మెట్లవైపు నుంచి గోల ఆకాశాన్నంటింది.

రెండో సగంలో వెసెల్ వాళ్లు తెలివి తెచ్చుకున్నారు. విసరడం మానేసి, టేయో ఉన్నవైపే నేరుగా తోసుకొచ్చారు. టేయో చేతులు కొట్టాడు, భుజం వంచాడు, ఒకసారి నిలిచాడు, రెండుసార్లు కూలాడు. ఆఖరి నిమిషంలో బంతి టేబర్ క్రీక్ గోల్ గీత దగ్గరికొచ్చేసింది, అది దాటితే వెసెల్ గెలిచినట్టే. ఇక అక్కడ విసరడానికి చోటు లేదు, అబద్ధమాడడానికీ లేదు.

"ఏం చేద్దాం, కోచ్?" అన్నాడు ట్రెంట్.

"నాలుగు గజాలే ఉంది. ఇక్కడ మెడ అక్కర్లేదు. బ్రాంట్‌ని నడుమకి లాగు, దంటును వాడి వెనక నిలబెట్టు."

గుట్టలా మనుషులు పడ్డారు. అంపైర్లు ఒక్కొక్కరినీ ఎత్తి పక్కన పెడితే అడుగున బ్రాంట్, వాడి కింద బంతితో వెసెల్ కుర్రాడు, ఆ కుర్రాడి చీలమండ పట్టుకుని టేయో. గీత ఇంకా అడుగు దూరంలో ఉంది. ఆట టైము అయిపోయింది, టేబర్ క్రీక్ గెలిచింది.

నడుం పట్టుకునే వచ్చిన హార్లన్, కొడుకు ఆడిన రెండు చోట్లూ తన సలహానేనని జనాలకి చెబుతూ తిరిగాడు.

జనం పలచబడ్డాక ట్రెంట్ మెల్లగా దగ్గరికొచ్చాడు. "ఇంతకీ ఏం తేల్చుకున్నారు, కోచ్?"

"వచ్చేవారం నన్ను పైన, వ్యాఖ్యాతల గదిలో కూర్చోబెట్టు," అన్నాడు మైలో. "కింద నిలబడితే నాకు ముందున్నదే కనబడుతోంది. ఆ కుర్రాడి వెనకాల ఏం జరుగుతోందో చూడాలి."

"అక్కణ్ణుంచి అరిస్తే పిల్లలకి వినపడదు, కోచ్."

"నీకు వినపడుతుందిలే."